జెరికోలో రెండేళ్ళ కాపురం

ఆక్స్‌ఫర్డు అనగానే మనవాళ్ళకి కళ్ళముందు మెదిలేవి కాలేజీ శిఖరాలూ, నల్లగౌన్లూ, సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారూను. 1936 నుంచి 1952 దాకా ఆయన ఇక్కడ ఆచార్య పదవిలో ఉన్నారు. మనలో ఎవరు ఈ ఊరొచ్చినా, ఊరు చూపించేవాళ్ళు మొదటి పావుగంటలోనే ఆ ముక్క చెప్పేస్తారు. మేము ఆ ఊళ్ళోనే రెండేళ్ళున్నాం. కాని మేమున్నది కాలేజీల ఊరు కాదు. ఆ గోడలకి అవతల, కాలవ ఒడ్డున, అచ్చాఫీసు పనివాళ్ళ కోసం కట్టిన ఇరుకు వీధుల పేట. దాని పేరు జెరికో. బైబిల్లో గోడలు కూలిన ఊరి పేరది. మా గోడలు కూలలేదు గాని బూజు పట్టాయి. ఆ భాగోతమంతా చెప్పుకుంటే కొత్తగా వచ్చే మనవాళ్ళకి పనికొస్తుందేమోనని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాం.

ఈ దేశంలో జూనియర్ డాక్టర్ల బతుకు మన పత్రిక చదివే ఇళ్ళలో సగం ఇళ్ళకి తెలిసిందే. ఆగస్టు మొదటి బుధవారం వచ్చిందంటే ఉద్యోగం మారుతుంది, ఉద్యోగంతోపాటు ఊరూ మారుతుంది. 2022 ఆగస్టులో మాకు పడింది ఆక్స్‌ఫర్డు. మేమిద్దరం డాక్టర్లమే. ఒకరం హెడింగ్టన్ మెట్టమీది జాన్ రాడ్‌క్లిఫ్ ఆసుపత్రిలో ఛాతీ జబ్బుల విభాగం, ఒకరం రైలెక్కి వెళ్ళాల్సిన పక్క ఊళ్ళో. పాపకి అప్పటికి మూడేళ్ళు. రైలు స్టేషనుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఇల్లు కావాలి, పాపని పంపటానికి నర్సరీ దగ్గర్లో ఉండాలి. ఈ రెండూ కుదిరిన చోటు జెరికో. అద్దె మాత్రం కుదరలేదు, మేమే దానికి కుదురుకున్నాం.

ఇల్లు చూడ్డానికి వెళ్తే మన దగ్గర రేషను షాపు ముందున్నట్టు వరస. పదిహేను నిమిషాలకో కుటుంబం చొప్పున లోపలికి పంపిస్తారు. లోపల ఏజెంటు కుర్రాడు చేతిలో అట్ట పట్టుకుని, పెళ్ళిచూపుల్లో మగపెళ్ళివారు అడిగినట్టు ప్రశ్నలు: జీతమెంత, ఉద్యోగం ఎన్నాళ్ళు, పిల్లలెందరు, కుక్క ఉందా. ఇంగ్లండులో 2016 ఫిబ్రవరి నుంచి, అద్దెకుండబోయేవాడికి ఈ దేశంలో ఉండే హక్కుందో లేదో ఇంటాయనే చూసుకోవాలి. కాబట్టి వీసా సంగతి కూడా వాళ్ళకి అప్పగించాలి. మునుపటి ఇంటాయన దగ్గరనుంచి ఉత్తరం, ఆసుపత్రినుంచి ఉత్తరం, బ్యాంకు కాగితాలు, అవి చాలకపోతే ఈ దేశంలో హామీ ఉండే మనిషి. హామీదారు కోసం మనవాళ్ళెందరు ఎందరి కాళ్ళు పట్టుకున్నారో మనకి తెలియనిది కాదు. మాకు ఆ అవసరం పడలేదు, మా సీనియర్ డాక్టరు రాసిన ఉత్తరంతో సరిపోయింది.

అద్దె నెలకి 1,750 పౌన్లు. అడ్వాన్సు 2,019 పౌన్లు. ఈ వింత అంకె ఎక్కణ్ణించి వచ్చిందా అని మేమూ అనుకున్నాం. 2019 జూన్ నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, సంవత్సరం అద్దె యాభైవేల పౌన్ల లోపయితే అయిదు వారాల అద్దెకి మించి అడ్వాన్సు పుచ్చుకోకూడదు. ఆ అయిదు వారాల లెక్క అది. ఆ డబ్బు ఇంటాయన జేబులో ఉండటానికీ లేదు. ప్రభుత్వం ఒప్పుకున్న మూడో చోట ముప్ఫై రోజుల్లోగా నమోదు చెయ్యాలి. అది 2007 నుంచీ ఉన్న పద్ధతి. మన గుంటూర్లో అడ్వాన్సు చేతిలో పోసి, ఖాళీ చేసేటప్పుడు సున్నం ఖర్చుల కింద సగం వదులుకునే ఆచారానికి అలవాటుపడ్డ మాకు ఇది కొంచెం ముచ్చటేసింది.

ఇక ఇల్లు. కింద రెండు గదులు, పైన రెండు గదులు, వంటగది వెనక తర్వాతెప్పుడో అతికించిన స్నానాలగది. వీధి తలుపు తీస్తే నేరుగా కాలిబాట మీద కాలు పడుతుంది. అరుగు లేదు, వసారా లేదు. మెట్లు అటకెక్కే నిచ్చెనంత నిటారు. పెరట్లో నాలుగు నవారు మంచాలు వేస్తే అయిదోదానికి చోటుండదు. ఇటూ అటూ పక్కిళ్ళ గోడలే మన గోడలు. మొదటి ఎండాకాలం తెనాలి నుంచి పాప నాయనమ్మ ఆర్నెల్ల వీసా మీద వచ్చి, ఇల్లంతా ఒక్క నిమిషంలో తిరిగి చూసి, "ఇదేం ఇల్లర్రా, రైలు పెట్టెలా ఉంది" అంది. మళ్ళీ తనే కాసేపటికి వీధిలోకి తొంగిచూసి, "అచ్చం అగ్రహారమే. గోడకి గోడ. ఆ చివరింట్లో తుమ్మితే ఈ చివరింట్లో చిరంజీవ అనొచ్చు" అంది. ఆవిడన్నది నిజం. పక్కింటావిడ పొద్దున్న ఏ రేడియో పెట్టిందో మాకు తెలిసేది, మేము ఎప్పుడు పోపు వేశామో ఆవిడకి తెలిసేది.

అగ్రిమెంటులో ముప్ఫైయెనిమిది షరతులు. గోడకి మేకు కొట్టరాదు, జిగురు కాగితం అంటించరాదు, లోపల బట్టలు ఆరవెయ్యరాదు. మేకు లేకుండా దేవుడి పటాలు ఎక్కడ పెట్టాలి? ముందుగదిలో ఎప్పుడో మూసేసిన పాతకాలపు పొయ్యి ఉంది, దానిమీద చలువరాతి పలక. వెంకటేశ్వరస్వామినీ కనకదుర్గనీ దానిమీద నిలబెట్టాం. నిప్పు చల్లారిన చోట దీపం వెలిగిందన్నమాట. తోరణం మాత్రం కట్టలేకపోయాం. వీధి తలుపుకి పైన ఒక్క మేకు ఉంటే చాలు. ఆ ఒక్క మేకు సంగతి చివర్లో చెప్తాం.

సాయంత్రాలు పాపని తోపుడు బండిలో వేసుకుని పేట తిరిగేవాళ్ళం. పెద్దవీధి పేరు వాల్టన్ స్ట్రీట్. దానిమీద రోమను స్తంభాలతో, మధ్యలో చదరపు ఆవరణతో ఒక పెద్ద భవనం కనిపిస్తుంది. కొత్తవాళ్ళందరూ దాన్ని కాలేజీ అనుకుని ఫోటోలు తీసుకుంటారు. అది యూనివర్సిటీ అచ్చాఫీసు. 1830లో ఊరి మధ్యనుంచి ఇక్కడికి తరలివచ్చింది. ఒక రెక్కలో బైబిళ్ళు, రెండో రెక్కలో పండిత గ్రంథాలు అచ్చయ్యేవట. ఈ వీధులన్నీ ఆ ప్రెస్సు వల్లా, అంతకుముందు 1790లో ఊరిదాకా తవ్వుకొచ్చిన కాలవ వల్లా, కాలవ పక్కనే వెలిసిన ఇనుప ఫౌండ్రీ వల్లా పుట్టినవి. 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' మొదటిసారి 1865లో అచ్చయింది ఈ ప్రెస్సులోనే. బొమ్మలు సరిగా పడలేదని బొమ్మలేసినాయన పేచీ పెడితే ఆ ప్రతులు వెనక్కి తీసుకున్నారు. మనకి దగ్గర సంగతి ఇంకోటుంది. మాక్స్‌ముల్లరు సాయణభాష్యంతో సహా ఋగ్వేదాన్ని 1849 నుంచి 1874 దాకా ఆరు సంపుటాలుగా తెచ్చాడని మనం చిన్నప్పుడు చదువుకున్నాం కదా, అది అచ్చయిందీ ఈ యూనివర్సిటీ ప్రెస్సులోనే. సాయణుడు విజయనగరంలో బుక్కరాయల మంత్రి. ఆయన రాసిన మాటల్ని ఈ పేటలోని అచ్చుకూలీలు, ఒక్క అక్షరం అర్థం కాకుండా, సీసపు అచ్చులు ఒక్కొక్కటే ఏరి పేర్చారు. వాళ్ళు పొద్దుగూకాక ఇల్లుచేరింది మేము అద్దెకున్నలాంటి ఇళ్ళకే. ఆ ఆలోచన వచ్చాక మాకు ఆ ఇరుకు మెట్ల మీద కాస్త గౌరవం పెరిగింది. అచ్చుపని 1989లో ఆగిపోయింది. ఇప్పుడు లోపల ప్రచురణ కార్యాలయాలు.

ప్రెస్సుకి ఎదురుగా, పాత రాడ్‌క్లిఫ్ ఇన్‌ఫర్మరీ స్థలం. 1770లో తెరిచిన ఆసుపత్రి, 2007లో మూసేశారు. వుడ్‌స్టాక్ రోడ్డు వైపున్న పాత భవనం ఇంకా ఉంది, మిగతా చోటంతా యూనివర్సిటీ కొత్త కట్టడాలు. డాక్టర్లం కాబట్టి మాకు అది గుడిలాంటిది. 1941 ఫిబ్రవరి 12న ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు కానిస్టేబులికి ఇక్కడే పెన్సిలిన్ ఎక్కించారు. ఒళ్ళంతా చీముపట్టి చావుబతుకుల్లో ఉన్నవాడు నాలుగైదు రోజుల్లో తేరుకుని భోజనం చేశాడు. కాని ప్రపంచంలో ఉన్న పెన్సిలినే అంత. అతని మూత్రాన్ని సీసాల్లో పట్టి ప్రయోగశాలకి తీసుకెళ్ళి, అందులోంచి మందు తిరిగి తీసి మళ్ళీ ఎక్కించారు. అయినా చాలలేదు. మార్చి 15న పోయాడు. బూజులోంచి పుట్టిన మందు. ఏడేళ్ళ తర్వాత మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో అమెరికాలో ఆరియోమైసిన్ వచ్చింది, అది మట్టిలోని సూక్ష్మజీవినుంచి. బూజుని మేము గౌరవించేవాళ్ళమే. మా పడగ్గదిలోకి అది వచ్చేదాకా.

2022 డిసెంబరు మొదట్లో చలి ముదిరింది. ఆ ఏడు గ్యాసు ధరలు ఎలా ఉన్నాయో అందరూ అనుభవించారు, పొద్దున ఒక గంటా రాత్రి రెండు గంటలూ తప్ప వేడి వేసేవాళ్ళం కాదు. ఒకరోజు పాప పడుకునే వెనకగదిలో బట్టల బీరువా జరిపి చూస్తే, గోడంతా ఆవాలు చల్లినట్టు నల్లటి చుక్కలు. కింద మూలలో కాగితం ఊడిపోయి వేలాడుతోంది. చెయ్యి పెడితే తడి. అప్పటికి పాపకి నెలరోజులుగా దగ్గు. రాత్రి రెండింటికి లేచి కూచుని దగ్గేది, గొంతులో పిల్లికూతలు. నర్సరీకి వెళ్ళే పిల్లలకి దగ్గు మామూలే అని మేమిద్దరం ఒకరికొకరం చెప్పుకుంటున్నాం. తల్లిదండ్రులు డాక్టర్లయితే పిల్లల జబ్బు చివరికి తెలుస్తుందనేది మన వృత్తిలో పాత మాటే.

ఇందులో సిగ్గుపడాల్సిన సంగతి ఒకటుంది. ఆసుపత్రి క్లినిక్కులో ఉబ్బసం రోగి రాగానే అడిగే ప్రశ్నల్లో ఒకటి: ఇంట్లో చెమ్మ ఉందా? ఉందంటే, ఇల్లు బాగుచేయించమని కౌన్సిలుకి మేమే ఉత్తరాలు రాసిచ్చేవాళ్ళం. అటువంటి ఉత్తరాలు ఎన్ని రాశామో లెక్కలేదు. మా ఇంటికి మాత్రం రాయలేదు. ఏజెంటుకి మర్యాదగా ఒక ముక్క రాసి, ఫోటోలు జతచేసి ఊరుకున్నాం. వారం తర్వాత జవాబొచ్చింది: రోజూ కిటికీలు తెరవండి, బట్టలు లోపల ఆరెయ్యకండి, మీ తరహా వంటలో ఆవిరి ఎక్కువ వస్తుంది కాబట్టి వంట తగ్గించండి అని. మీ తరహా వంట! రెండు డ్యూటీల మధ్య ఒక కుక్కరు అన్నం, ఒక పప్పు, వారానికోసారి పులుసు. ఇంతకంటే తగ్గిస్తే ఉపవాసమే.

సరిగ్గా అంతకు నెల ముందు, 2022 నవంబరులో, రాచ్‌డేల్‌లో ఒక విచారణ ముగిసింది. అక్కడ 2020లో రెండేళ్ళ పిల్లవాడు, ఫ్లాటులో పట్టిన బూజు పీల్చిపీల్చి పోయాడని విచారణాధికారి తేల్చారు. వాళ్ళూ బయటి దేశంనుంచి వచ్చిన కుటుంబమే. తండ్రి ఫిర్యాదు చేస్తే, ఇల్లిచ్చిన సంస్థవాళ్ళు తప్పంతా ఆ కుటుంబం అలవాట్లదే అనుకున్నారని కూడా బయటపడింది. ఆ బాబు పేరుమీదనే అవాబ్ చట్టం వచ్చింది. సామాజిక గృహాల్లో అది 2025 అక్టోబరు నుంచి అమలు. ఆ వార్త మేము ఆసుపత్రి క్యాంటీనులో చదివాం. చదివి కూడా ఇంకో నెల ఊరుకున్నాం.

ఎందుకూరుకున్నామంటే భయం. ఇంగ్లండులో అప్పుడున్న చట్టంలో సెక్షన్ 21 అనేదొకటుంది. గడువు తీరాక, ఏ కారణమూ చెప్పకుండా ఇంటాయన రెండు నెలల నోటీసిచ్చి ఖాళీ చెయ్యమనొచ్చు. గొడవ పెట్టే అద్దెవాళ్ళని ఎవరుంచుకుంటారు? పరీక్ష ముందు, పాప నర్సరీ మధ్యలో, మళ్ళీ ఆ వరసల్లో నిలబడటమా? తర్వాతి ఇంటికి ఈ ఇంటాయనే ఉత్తరం రాయాలి కదా! రోగుల తరఫున రాసేటప్పుడు ఈ లెక్కలేవీ మాకు తట్టలేదు. వాళ్ళకీ ఈ భయమే ఉండి ఉంటుంది.

మా నోరు విప్పించింది పక్కింటి పెద్దావిడ. అప్పటికావిడకి ఎనభైనాలుగేళ్ళు. తండ్రి ప్రెస్సులో అచ్చులు పేర్చేవాడు, పదిహేనో ఏట ఆవిడా అక్కడే పుస్తకాలు కుట్టే విభాగంలో చేరింది. పుట్టింది ఆ ఇంట్లోనే. అప్పుడది అద్దె ఇల్లు, తర్వాత కొనుక్కున్నారు. ప్రతి మాట చివరా 'డియర్' తగిలిస్తుంది. నాయనమ్మకీ ఆవిడకీ భాష కలవకపోయినా స్నేహం కలిసింది. పెరటి గోడమీంచి నిమ్మకాయ ఊరగాయ అటు వెళ్తే, నారింజ తొక్కల మర్మలేడు ఇటు వచ్చేది. ఊరగాయని ఆవిడ రొట్టెమీద వెన్నతో కలిపి రాసుకు తినేదట. నాయనమ్మ అది విని మూడు రోజులు నవ్వింది.

జనవరిలో ఒక వానరోజు ఆవిడ పెరట్లోకి పిలిచి పైకి చూపించింది. మా వెనకగోడ మీద, చూరునుంచి వాననీరు దింపే గొట్టం అతుకు దగ్గర విడిపోయి, నీరంతా గోడమీదుగా ధారకట్టి కారుతోంది. "ఇది మీ వంట కాదు డియర్, ఇది వాన" అంది. ఆ గోడ తొమ్మిదంగుళాల ఇటుక గోడ. ఈ కాలపు ఇళ్ళలోలాగ మధ్యలో ఖాళీ ఉండే జంటగోడ కాదు, బయట తడిస్తే లోపలికి చెమ్మ రావలసిందే. ఆ తర్వాత టీ పోసి కూచోబెట్టి పాత కథ చెప్పింది. 1960లలో కౌన్సిలువాళ్ళు ఈ పేటంతా పనికిరాని ఇళ్ళని లెక్కగట్టి, పడగొట్టాలని ఆలోచన చేశారు. పేటవాళ్ళు ఎదురుతిరిగారు, ఆలివ్ గిబ్స్ అనే కౌన్సిలరమ్మ వాళ్ళ పక్షాన నిలబడింది. చివరికి కొన్నిచోట్ల కొత్త ఫ్లాట్లు లేచినా, చాలా ఇళ్ళకి బాగుచేసుకోవటానికి సాయం అందింది, వీధులు నిలిచాయి. "మా అమ్మ కొలతల టేపు పట్టుకొచ్చిన ఆఫీసరుని గుమ్మంలోనే నిలబెట్టింది. నువ్వు డాక్టరువి, నీకు భయమేమిటి?" అంది. చదువుకున్నవాళ్ళకే భయమెక్కువని ఆవిడకి చెప్పలేదు.

ఆ రాత్రి మేము చదువుతున్నది మా వృత్తిలోని పూర్వీకుడి పుస్తకం. ఇన్‌ఫర్మరీలో వైద్యుడైన హెన్రీ ఆక్లండ్, 1854లో ఆక్స్‌ఫర్డులో కలరా ఎలా పాకిందో 1856లో గ్రంథంగా రాశాడు. 1832, 1849, 1854లలో కలరా సోకిన ఇళ్ళన్నీ ఊరి పటంమీద గుర్తుపెట్టాడు, పల్లపు నేలలూ మురుగు పోయే దారిలేని చోట్లూ చూపించాడు. జెరికో అటువంటి పల్లపు నేలే. ఒకవైపు కాలవ, దాని వెనక వాగు, ఉత్తరాన చలికాలంలో చెరువైపోయే పోర్ట్ మెడో బీడు. కలరా క్రిమి సంగతి అప్పటికి ఎవరికీ సరిగా తెలియదు. అయినా ఆయన రోగుల అలవాట్లని తిట్టి ఊరుకోకుండా నేలనీ నీటినీ ఇళ్ళనీ చూశాడు. నూటడెబ్బై ఏళ్ళ తర్వాత మేము మా పాప దగ్గుకి ఇన్‌హేలరు మోతాదు పెంచుతున్నాం గాని గోడ వైపు చూడటం లేదు.

మర్నాడు కౌన్సిలుకి ఉత్తరం వెళ్ళింది. ఆక్స్‌ఫర్డులో 2022 సెప్టెంబరు 1 నుంచి అద్దెకిచ్చే ప్రైవేటు ఇళ్ళన్నిటికీ కౌన్సిలు లైసెన్సు ఉండాలి. వచ్చిన ఇనస్పెక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్నే అది. చెమ్మ కొలిచే చిన్న యంత్రం గోడకి ఆనించి, అంకెలు రాసుకుని, గొట్టం చూసి, స్నానాలగదిలో గాలి బయటికి లాగే ఫాను తిరగటం లేదని కూడా రాసుకుంది. వంటింట్లోకి వచ్చి, "ఏం వాసన, చాలా బాగుంది" అంది. ఆరోజు చేసింది మెంతికూర పప్పు. ఏజెంటు ఉత్తరం ఆవిడకి చూపించాం. ఏమీ అనలేదు, ఫోటో తీసుకుంది.

నెలలోపే గొట్టం మార్చారు, ఫాను పెట్టారు, గోడ గీకి మందు పూశారు. మార్చికి పాప రాత్రిళ్ళు నిద్రపోయింది. బూజొక్కటే కారణమని మేము ప్రమాణం చెయ్యలేం, వసంతం కూడా వచ్చింది కదా. కాని ఇన్‌హేలరు మళ్ళీ పాత మోతాదుకి దిగింది.

ఆగస్టులో అద్దె 1,900 అయింది. ఆ పై ఏడు, 2024 మేలో, సెక్షన్ 21 నోటీసు వచ్చింది. ఇంటాయన ఇల్లు అమ్ముతారట. మా ఫిర్యాదుకీ దీనికీ సంబంధం ఉందో లేదో ఈనాటికీ తెలియదు. ఆ ఏడు అమ్మిన ఇంటాయనలు చాలామందే ఉన్నారు. 2015 చట్టం ప్రకారం, కౌన్సిలు మరమ్మతుకి అధికారికంగా నోటీసిస్తే, ఆర్నెల్ల దాకా ఇంటాయన ఖాళీ చెయ్యమనటానికి వీల్లేదు. మా విషయంలో కౌన్సిలు మామూలు ఉత్తరంతో సరిపెట్టింది, పైగా ఏడాది దాటిపోయింది. కాబట్టి ఆ రక్షణ మాకు అందలేదు. 2025లో వచ్చిన అద్దెదార్ల హక్కుల చట్టం సెక్షన్ 21ని తీసేసింది. 2026 మే 1 ఇంగ్లండులో అది అమలయ్యే తేదీ. ఇల్లు అమ్ముకుంటామని చెప్పి ఖాళీ చేయించే దారి మాత్రం అందులోనూ ఉంది, గడువు ఎక్కువ, కారణం చూపాలి. స్కాట్లండు, వేల్సులలో ఉన్న మనవాళ్ళకి ఈ లెక్కలు వేరు, అక్కడి చట్టం అక్కడే చూసుకోవాలి.

కొత్తగా ఇళ్ళు వెతికేవాళ్ళకి ఒక్క మాట. ఇల్లు వానరోజున చూడండి. కుదరకపోతే చూరు గొట్టం కింద గోడమీద పచ్చటి చార ఉందేమో చూడండి. బీరువాలు జరపమంటే ఏజెంటు మొహం చిట్లిస్తాడు, చిట్లించనివ్వండి. తాళాలు తీసుకున్న రోజే ప్రతి మూలా ఫోటో తీసి, తారీఖుతో ఏజెంటుకే పంపించి పెట్టుకోండి. ఇవన్నీ మాకు తర్వాత తెలిసినవే.

తామస్ హార్డీ 'జూడ్' నవలలో ఆక్స్‌ఫర్డుకి వేరే పేరు పెట్టాడు, జెరికోకీ మరో బైబిలు పేరు పెట్టాడు, బీర్షీబా అని. పిల్లల్ని వెంటేసుకుని గది అద్దెకోసం ఆ జంట వీధివీధీ తిరుగుతుంది. ఒక సందుకి ఆయన పెట్టిన పేరు అచ్చంగా బూజు సందు. ఆ నవల వచ్చింది 1895లో. నోటీసు వచ్చిన వారంలో మేము ఆ పుస్తకం మొదలుపెట్టి, ఆ ఘట్టం దగ్గర ఆపేశాం.

జులై ఆఖరుకి హెడింగ్టన్‌కి మారాం. ఆసుపత్రికి దగ్గర, అద్దెలో పెద్ద తేడా లేదు, గోడలు జంటగోడలు. ఆఖరి సాయంత్రం పేటంతా ఒక చుట్టు తిరిగొచ్చాం. కాలవగట్టున సెయింట్ బార్నబాస్ చర్చి ఉంది. 1869లో ప్రెస్సు పెద్ద తామస్ కూంబ్ సొంత డబ్బుతో పనివాళ్ళ కోసం కట్టించాడు, దాని గంటల గోపురం మా వెనకగది కిటికీలోంచి కనిపించేది. పాప దాన్ని 'మన గోపురం' అనేది. దాని పక్కన పడవలు బాగుచేసే యార్డు మూతపడి చాలా ఏళ్ళయింది. పడవల్లో కాపురముండేవాళ్ళు మాత్రం ఇంకా ఉన్నారు, పైకప్పుల మీద కట్టెలూ పూలకుండీలూ పేర్చుకుని. వాళ్ళ ఇల్లు వాళ్ళతో కదులుతుంది. పాపకి అది చాలా న్యాయంగా తోచింది. మనమూ పడవ కొందామంది.

అడ్వాన్సులో ముప్ఫైయైదు పౌన్లు కోశారు, గుమ్మం పైన ఒక మేకు రంధ్రం ఉందని. ఆ రంధ్రం మేము దిగేనాటికే ఉంది, కాని మా ఫోటోల్లో ఆ గుమ్మం లేదు. నమోదు సంస్థలో తగువు పెట్టొచ్చు. పెట్టలేదు. నిజానికి రెండో ఉగాదికి మేము ఆ రంధ్రంలోనే ఒక అగ్గిపుల్ల దూర్చి తోరణం కట్టాం, తలచుకుంటే ముప్ఫైయైదు పౌన్లు ఎక్కువేమీ కాదనిపించింది.

మా కరివేపాకు మొక్క కుండీ కొత్తింటికి తేలేదు. పాత ఇంట్లో చలికి రెండుసార్లు ఆకంతా రాల్చి చచ్చి బతికింది. అది ఆరోగ్యంగా నిలిచింది పక్కింటి పెద్దావిడ వంటింటి కిటికీలోనే. దక్షిణపు ఎండ, పక్కనే వేడి గొట్టం. ఆవిడకే వదిలేశాం. నెలకోసారి ఆదివారం నాడు వెళ్తాం. గోపురం గంటలు కొట్టే వేళకి టీ ఇస్తుంది. వచ్చేటప్పుడు రెండు రెమ్మలు తుంచి కాగితంలో చుట్టి పాప చేతికిస్తుంది. ఈమధ్య నాయనమ్మ ఫోనులో అడిగిందని చెప్తే, ఆవిడ కిటికీ దగ్గర కుండీతో ఫోటో దిగి పంపించమంది. ఆకుకి ఇంగ్లీషులో ఏమంటారో ఇప్పటికీ అడగలేదు. మొక్కని 'డియర్' అనే పిలుస్తుంది.